ఆ మెసేజీ పారేసింది నేనే

రాత్రి రెండుంబావుకి ఫోన్ మోగిందంటే రాజమండ్రిలో ఎవరికైనా రెండే అనుమానాలు. చుట్టాల్లో ఎవరికో బాగోలేదు, లేదా గోదారి పెరిగింది. మా ఇంట్లో మూడోది కూడా ఉంది. జాబ్ పోయింది. కంగారు పడకండి, నా ఉద్యోగం భద్రంగానే ఉంది. రాత్రిపూట కంప్యూటర్ దానంతట అదే వరసగా చేసుకుపోయే పనుల్లో ఒక్కోదాన్నీ మేం జాబ్ అంటాం. అది మధ్యలో ఆగిపోతే ఆ వారం డ్యూటీలో ఉన్నవాళ్ల ఫోన్ మోగుతుంది. వాళ్ల వల్ల కాకపోతే నాది మోగుతుంది.

ఆ రాత్రి ఫోన్ చేసింది మా టీమ్‌లో అందరికంటే చిన్నది, భీమవరం అమ్మాయి. చేరి ఏడు నెలలు. ఇంకా కన్ఫర్మేషన్ కాలేదు. ఒక్కతే డ్యూటీ చూసుకోవడం అదే మొదటిసారి.

"సార్, పడుకున్నారా?"

రెండుంబావుకి పడుకోక ఏం చేస్తాం? "చెప్పమ్మా" అన్నాను.

"సార్ట్ ఫెయిలవుతోంది సార్. పన్నెండున్నర నుంచి చూస్తున్నాను. ఐదుసార్లు రన్ చేశాను. ప్రతిసారీ పదహారే వస్తోంది..."

చివరి మాట దగ్గర గొంతు వణికింది. నేను లేచి లాప్‌టాప్ తెరిచాను. బయట వాన. కరెంటు లేదు, ఇన్వర్టర్ కుయ్‌మంటోంది.

కథ ముందుకెళ్లేలోపు మీకో మాట చెప్పాలి. ఈ మధ్య పుష్కరఘాట్ దగ్గర టీ తాగుతుంటే మా వీధి కుర్రాడొకడు అడిగాడు, "మెయిన్‌ఫ్రేమా? అదింకా ఉందా అంకుల్?" అని. ఉంది నాయనా. ఐబీఎం వాళ్లు సిస్టమ్ 360 అనే మెషీన్లని 1964 ఏప్రిల్ 7న ప్రకటించారు. ఆ వంశంలో పుట్టిన మెషీన్లే ఇవాళ్టికీ ప్రపంచంలో చాలా పెద్ద బ్యాంకుల లెక్కలూ, బీమా కంపెనీల లెక్కలూ మోస్తున్నాయి. మీరు ఫోన్‌లో ఒక బటన్ నొక్కుతారు, స్క్రీన్ మీద పచ్చ టిక్కు పడుతుంది. ఆ టిక్కు వెనకాల అర్ధరాత్రి జరిగే చాకిరీ చాలాచోట్ల ఈ మెషీన్లదే.

ఆ చాకిరీలో మాటిమాటికీ వచ్చే పని సార్టింగ్. అంటే వరస పెట్టడం. లక్షల లైన్లున్న ఫైలుని బ్రాంచి వారీగానో, తేదీ వారీగానో, డబ్బు వారీగానో సర్దాలి. దానికి డీఎఫ్‌సార్ట్ అని ఒక ప్రోగ్రాం ఉంది. దాన్ని ఒక చిన్న స్క్రిప్టు నుంచి పిలుస్తాం. ఆ స్క్రిప్టు భాష పేరు రెక్స్. ఐబీఎంలో మైక్ కౌలిషా అనే ఆయన 1979లో మొదలుపెట్టిన భాష అది. చదవడానికి మామూలు మాటల్లాగే ఉంటుంది.

స్క్రిప్టు చేసే పని కూడా సింపులే. సార్ట్‌ని పిలిచే ముందు నాలుగు సంగతులు సిద్ధం చేసి పెట్టాలి. ఏ ఫైలు చదవాలి, సర్దినదాన్ని ఎక్కడ రాయాలి, ఎలా సర్దాలో చెప్పే ఆర్డరు ఎక్కడుంది, సార్ట్ ఏమైనా చెప్పదలుచుకుంటే ఎక్కడ చెప్పాలి. ఈ నాలుగోదాన్ని గుర్తుపెట్టుకోండి. ఈ వారం కథంతా దాని గురించే.

సరే, మళ్లీ రెండుంబావు.

"ఇప్పటిదాకా ఏమేం చేశావు?" అని అడిగాను.

పాపం గబగబా చెప్పుకుపోయింది. డిస్క్‌లో చోటు చాల్లేదేమోనని రెట్టింపు చేసింది. మెమరీ పెంచింది. వచ్చిన ఫైలే పాడైందేమోనని ముందు జాబ్ మళ్లీ నడిపింది. నిన్నటి ఫైలు పెట్టి చూసింది. అన్నిటికీ పదహారే.

"నువ్వు చేసిన ఒక్కోదానికీ కారణం ఏంటి?"

కాసేపు ఏం మాట్లాడలేదు. "అదే అయ్యుంటుందేమో అనిపించింది సార్."

మీలో ఎంతమంది ఫోన్ పనిచేయకపోతే ఇదే చేస్తారు చెప్పండి? వైఫై ఆపి వేస్తాం. స్విచాఫ్ చేసి ఆన్ చేస్తాం. యాప్ తీసేసి మళ్లీ ఎక్కిస్తాం. ఏదో ఒకటి తగులుతుంది. కానీ ఏది తగిలిందో తెలియదు, కాబట్టి రేపు మళ్లీ అదే తంతు.

నంబర్లకీ ఒక అర్థం ఉంటుంది. రెక్స్‌లో ఒక కమాండ్‌ని పిలిచాక మైనస్ 3 వచ్చిందంటే ఆ పేరుతో ఎవరూ దొరకలేదని. తప్పు ఊరికే వెళ్లామన్నమాట. సున్నా వస్తే పని అయిందని. పదహారు వచ్చిందంటే సార్ట్ దొరికింది, లేచింది, ఏదో నచ్చక ఆగిపోయింది. అంటే ఇంటి అడ్రసు సరైనదే, గొడవ ఇంటి లోపల. ఇంతవరకే నంబరు చెప్పగలదు. గొడవేంటో మాటల్లోనే తెలియాలి.

"సార్ట్ ఏమంది?" అన్నాను.

"పదహారంది సార్."

"అది నంబరమ్మా. మాటేమంది?"

"మాటేం లేదు సార్. మా స్క్రిప్టు 'సార్ట్ ఫెయిల్, పదహారు' అని ఒక్క లైన్ రాసి ఆగిపోతోంది. సార్ట్ మెసేజీలు ఎక్కడా లేవు."

డీఎఫ్‌సార్ట్ ఏం మూగది కాదు. పెళ్లివారింట్లో పెద్దత్తయ్య లాంటిది, ప్రతిదానికీ ఒక మాట అంటుంది. అది మాట్లాడలేదంటే ఎవరో నోరు నొక్కేశారు. స్క్రిప్టు తెరిచాను. నాలుగో సంగతి దగ్గర, మెసేజీలు ఎక్కడికి పోవాలో రాసే చోట, 'డమ్మీ' అని ఉంది. డమ్మీ అంటే మా భాషలో గోదాట్లో కలిపెయ్యమని. ఎంత రాసినా ఎక్కడా మిగలదు.

ఆ లైన్ పక్కన ఎవరు మార్చారో, ఎప్పుడు మార్చారో చిన్న గుర్తు ఉంటుంది. చూశాను. 2011. పొడి అక్షరాలు నావే.

గుర్తొచ్చింది. అప్పట్లో ఈ స్క్రిప్టు ఒక్క రాత్రిలో ఎన్నోసార్లు సార్ట్‌ని పిలిచేది. ప్రతిసారీ పేజీల కొద్దీ మెసేజీలు. చూసేవాళ్లు చిరాకుపడుతున్నారని నేనే నోరు మూయించాను. పక్కన 'తాత్కాలికం' అని కూడా రాశాను. మన ఊళ్లో తాత్కాలికంగా వేసిన రేకుల షెడ్డు ఎన్నాళ్లుంటుందో మీకు తెలుసుగా.

నిజం చెప్పేస్తాను. ఆ ఒక్క క్షణం, చడీచప్పుడు లేకుండా ఆ లైన్ మార్చేద్దామా అనిపించింది. అటుపక్క ఆ అమ్మాయికి అది ఎవరి పనో తెలియదు. రెండు గంటలుగా తన తెలివిని తనే తిట్టుకుంటోంది. ఆ మాట తలుచుకుంటే సిగ్గేసింది.

"అమ్మా, ఆ మెసేజీలు పారేయమని రాసింది నేనే. నువ్వు చీకట్లో వెతికావు. లైటు ఆర్పింది నేను" అన్నాను.

"అయ్యో, పర్లేదు సార్" అంది. ఇంకేమంటుంది!

డమ్మీ తీసేసి మెసేజీలు మాకు కనపడే చోటికి మళ్లించి మళ్లీ రన్ చేశాం. మెసేజీలు వచ్చాయి. రెండు లైన్లు చాలు. మొదటిది ఐసీఈ005ఏ. ఈ ఆర్డరులో చెయ్యాల్సిన పని పేరు నాకు అర్థం కాలేదని దాని భావం. రెండోది ఐసీఈ010ఏ. సర్దమనిగానీ కలపమనిగానీ నాకెవరూ చెప్పలేదని.

"చెప్పాం కదా సార్! సార్ట్ ఫీల్డ్స్ అని నేనే రాశాను, చూడండి!"

"రాశావు. ఏ కాలమ్‌లో మొదలెట్టావు?"

వాన చప్పుడు ఒక్కటే వినిపించింది. తర్వాత నెమ్మదిగా, "కోట్ తర్వాత ఒక ఖాళీ ఉండేది సార్. నీట్‌గా లేదని తీసేశాను."

అదీ సంగతి. ఆ ఖాళీ ఎందుకో చెప్తాను. ఈ మెషీన్ల కాలంలో ప్రోగ్రాములు అట్టకార్డుల మీద చిల్లులు పొడిచి ఇచ్చేవారు. ఒక్కో కార్డుకి 80 గళ్లు. కార్డులు పోయాయి, ఆ గళ్ల పద్ధతి ఉండిపోయింది. మొదటి గడిలో ఏదైనా మాట మొదలైతే డీఎఫ్‌సార్ట్ దాన్ని పేరుగా తీసుకుంటుంది. పని పేరు రెండో గడి నుంచో ఆ తర్వాతో మొదలవ్వాలి. మనకి పేర్లలో ముందు ఇంటిపేరు వచ్చినట్టు అనుకోండి. ఒకటో గడిలో పెట్టేసరికి మెషీన్ 'సార్ట్' అన్నది ఇంటిపేరనుకుంది. తర్వాతున్న 'ఫీల్డ్స్' అసలు పేరనుకుంది. ఫీల్డ్స్ అనే పని దాని పుస్తకంలో లేదు.

టెస్ట్ చేయలేదా అంటారా? చేసింది. ఖాళీ ఉన్నప్పుడు చేసింది, బాగానే నడిచింది. ఆ తర్వాత చూడ్డానికి బాగుంటుందని సర్దింది. ఒక్క ఖాళీయే కదా అని మళ్లీ టెస్ట్ చేయలేదు. నన్నడిగితే ప్రపంచంలో సగం తలనొప్పులు 'కదా' అనే మాట దగ్గరే మొదలవుతాయి.

డ్యూటీ మేనేజర్‌ని లేపి అనుమతి తీసుకుని ఖాళీ పెట్టాం. రన్ అవుతుంటే కాస్త తేరుకుంటుందని నా పాత కథ చెప్పాను. 1998లో మా కోనసీమ కుర్రాళ్లం అమీర్‌పేటలో ఒక్క గదిలో ఆరుగురం ఉండి కోబాల్, జేసీఎల్ నేర్చుకున్నాం. అప్పుడు వైటూకే గోల. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెలతో రాసేవారు. 99 తర్వాత 00 వస్తే, సార్ట్ చేసినప్పుడు 2000 సంవత్సరం పోయి 1999 కంటే ముందు కూర్చుంటుంది. నిన్నటి బిల్లు కంటే రేపటి బిల్లు పాతదైపోతుంది. అది సరిచేయడానికే రెండంకెల సంవత్సరాల కోసం డీఎఫ్‌సార్ట్‌లో కొత్త పద్ధతులు పెట్టారు. ఆ సరిచేసే పనితోనే మా తరం తెలుగువాళ్లలో ఎంతోమంది విమానం ఎక్కారు. వరస తప్పడమే మాకు అన్నం పెట్టిందన్నమాట.

ఇంతలో సున్నా వచ్చింది.

"హమ్మయ్య! సార్, పంపేయనా?"

"ఆగు. మీ నాన్నగారు చెరువు పట్టినప్పుడు కాటా అయిందనగానే సంతకం పెట్టేస్తారా?"

వాళ్లది రొయ్యల చెరువు. భీమవరం పిల్లకి కౌంట్ సంగతి నేను చెప్పక్కర్లేదు. మీకోసం చెప్తాను. కిలోకి 30 తూగితే 30 కౌంట్, 100 తూగితే 100 కౌంట్. కౌంట్ తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. ఇప్పుడు 30, 40, 50, 100 అనే కౌంట్లని కంప్యూటర్‌కిచ్చి, ఇవి అంకెలని చెప్పకుండా అక్షరాల్లాగా వరస పెట్టమనండి. 100, 30, 40, 50 అని పెడుతుంది. 'ఒకటి' అనే అక్షరం 'మూడు' కంటే ముందు కదా! ఫోన్‌లో పదో ఎపిసోడ్ రెండో ఎపిసోడ్ కంటే పైన కనిపించడం మీరు చూసే ఉంటారు. అదే జబ్బు. ఎర్రర్ రాదు. సున్నానే వస్తుంది. వరస మాత్రం తప్పు.

ముందు లెక్క చూశాం. ఎన్ని లైన్లు లోపలికెళ్లాయి, ఎన్ని బయటికొచ్చాయి అని సార్ట్ తనే ఐసీఈ054ఐ అనే మెసేజీలో చెప్తుంది. రెండూ సమానం. బాగుంది. ఈ మెసేజీ కూడా ఇన్నేళ్లుగా గోదాట్లోనే కలిసిందని గుర్తొచ్చి కడుపులో తిప్పింది.

తర్వాత ఏదో ఒక బ్రాంచి తీసి చివరి లైన్లు చూడమన్నాను.

ఆ ఫైలేంటో ఇప్పుడు చెప్పాలి. ఒక పెద్ద సంస్థ తన ఏజెంట్లకి నెలనెలా ఇచ్చే కమీషన్ల ఫైలు అది. ఊళ్లలో తిరిగి పని చేసుకునేవాళ్లు. ఎక్కువమందికి ప్లస్ ఉంటుంది. కస్టమర్ వెనక్కి తగ్గితే ఇచ్చిన కమీషన్ తిరిగి పట్టుకుంటారు, అలాంటివాళ్లకి మైనస్. కొత్త పద్ధతిలో ప్రతి బ్రాంచికీ పెద్ద మొత్తం నుంచి చిన్న మొత్తానికి సర్దాలి, మైనస్‌లన్నీ అట్టడుగున ఉండాలి. తర్వాతి ప్రోగ్రాం పై నుంచి చెల్లించుకుంటూ వస్తుంది. మొదటి మైనస్ కనబడగానే ఇక ఈ బ్రాంచి అయిపోయిందని పక్క బ్రాంచికి వెళ్లిపోతుంది.

"సార్..." అంది. "మైనస్ ఎనిమిది వేలు మధ్యలో ఉంది. దాని కింద మళ్లీ ఏడు వేలు, ఐదు వేలు, తొమ్మిది వందలు, అన్నీ ప్లస్సే."

అంటే ఆ ఫైలు అలాగే వెళ్తే ఎనిమిది వేల కంటే తక్కువ రావాల్సిన ప్రతి మనిషికీ ఆ నెల డబ్బు పడదు. ఎక్కువ సంపాదించేవాళ్లకి పడుతుంది. చిన్నవాళ్లకే ఎగ్గొడుతుంది. మెషీన్ మాత్రం సున్నా చూపించి అంతా క్షేమం అంటుంది.

కారణం రొయ్యల కౌంటే. మెయిన్‌ఫ్రేమ్‌లో డబ్బుని చాలాసార్లు ఒక్కో బైట్‌లో రెండేసి అంకెలు కుక్కి దాస్తారు. ప్లస్సా మైనస్సా అన్న గుర్తు చివరి అర బైట్‌లో ఉంటుంది. ఇది అలా కుక్కిన అంకె అని సార్ట్‌కి చెప్పాలంటే 'పీడీ' అని రాయాలి. మా అమ్మాయి 'సీహెచ్' అని రాసింది, అంటే అక్షరాలు. అక్షరాల లెక్కన మొదటి అంకెలే ముఖ్యం, చివరున్న గుర్తుని ఎవరు పట్టించుకుంటారు? అందుకే మైనస్ ఎనిమిది వేలు వెళ్లి ప్లస్ ఎనిమిది వేల పక్కన దర్జాగా కూర్చుంది. టెస్ట్‌లో దొరకలేదేం అంటే, మేం టీమ్ అంతా కలిసి తయారుచేసిన టెస్ట్ ఫైల్లో ఒక్క మైనస్ కూడా లేదు.

రెండక్షరాలు మార్చాం. మళ్లీ మేనేజర్‌ని లేపాం. మళ్లీ రన్. ఈసారి పది బ్రాంచిలు తీసి మొదటి లైనూ చివరి లైనూ ఇద్దరం విడివిడిగా చూశాం. ఫైలు వెళ్లేసరికి నాలుగూ నలభై. గడువు ఆరు గంటలు. హేవ్‌లాక్ వంతెన పక్కన రైలు కూత వినిపిస్తుంటే నేను టీ పెట్టుకున్నాను.

అసలు కష్టం పొద్దున్న మొదలైంది. ఇలాంటివి జరిగితే కారణం రాసి పంపాలి. మేనేజర్ ఫోన్ చేసి, "కొత్తమ్మాయి టెస్ట్ చేయకుండా మార్చింది, అంతే కదండీ. రెండు లైన్లు రాసి పంపేయండి" అన్నారు. ఆయన చెడ్డవాడేం కాదు. పని తెమిలితే చాలనుకునే మనిషి. ఆ రెండు లైన్లూ అబద్ధం కూడా కాదు. కానీ ఆ రెండు లైన్లతో ఒక పిల్ల కన్ఫర్మేషన్ ఆగుతుంది. పైగా అసలు జబ్బు అలాగే మిగిలిపోతుంది.

నేను మూడు రాశాను. ఒకటి, 2011లో నేను మెసేజీలు పారేయించాను, అందువల్ల పది నిమిషాల పని రెండు గంటలు పట్టింది. రెండు, మార్పు తర్వాత మళ్లీ టెస్ట్ జరగలేదు. మూడు, మా టెస్ట్ ఫైల్లో మైనస్‌లు లేవు, అది టీమ్ మొత్తం బాధ్యత.

"మధ్యలో మీరెందుకండీ?" అన్నారాయన.

"మధ్యలో ఎక్కడండీ, మొదట్లోనే ఉన్నాను" అన్నాను.

ఇద్దరికీ చెరో హెచ్చరిక మెయిల్ వచ్చింది. ఆ పిల్ల కన్ఫర్మేషన్ ఒక నెల ఆలస్యంగానైనా వచ్చింది. ఆ వారమంతా ఇద్దరం కూర్చుని మిగతా స్క్రిప్టులు వెతికితే నేను నోరు నొక్కినవి ఇంకో పదకొండు దొరికాయి. అన్నీ విప్పేశాం.

మీలో మెయిన్‌ఫ్రేమ్ ముట్టుకునేవాళ్లు తక్కువే. అయినా మీరు రేపు రాయబోయే యాప్‌లోనూ ఇదే స్క్రిప్టు ఉంటుంది. 'ఏదో తప్పు జరిగింది, మళ్లీ ప్రయత్నించండి' అని ఫోన్‌లో కనబడుతుంది చూడండి, అది కూడా ఒక రకం డమ్మీయే. లోపల కారణం ఉంటుంది, మీదాకా రాదు. అందుకని నాలుగు మాటలు.

మెషీన్ చెప్పిన మాట చదివాకే చెయ్యి పెట్టండి. మాట కనబడకపోతే ముందు మాట కనబడేలా చేయండి, రిపేరు తర్వాత. ఒకసారికి ఒక్కటే మార్చండి, ఎందుకు మారుస్తున్నారో ఒక వాక్యంలో చెప్పుకోండి. సున్నా వచ్చిందని మురిసిపోకుండా మొదటి లైనూ చివరి లైనూ కళ్లతో చూడండి.

మొన్న శనివారం రాత్రి ఒంటిగంటకి నా ఫోన్ మోగలేదు. పొద్దున్న లేచి చూస్తే వాట్సాప్‌లో భీమవరం నుంచి ఒక మెసేజీ: "సార్ట్ పడింది సార్. మెసేజీ చదివాను. డిస్క్ చోటే. ఈసారి నిజంగానే. సరిచేశాను, చివరి లైన్లు కూడా చూశాను. మిమ్మల్ని లేపలేదు."

ఆదివారం మధ్యాహ్నం దాకా పడుకున్నాను.